మూడుసార్లు దించిన గేర్‌బాక్సు

జూన్ 3

మామయ్యకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే నువ్వు బాగుచేస్తున్న కుట్టుమిషను ముక్క ఏదో కింద పడేసి, ఆ తర్వాత నన్ను తిడతావు.

తెల్లచొక్కా వచ్చాడు. మా షెడ్డుకే, అదీ కార్లు పైకెత్తే నా లిఫ్టు దగ్గరికే వచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత కూడా అదే చొక్కా, మడత నలగలేదు. నీతో కలిసి షెడ్డు నడిపినన్నాళ్ళూ ఒక్క ఆయిల్ మరక అంటించుకోని మనిషని నువ్వు చెబుతుంటే పెంచి చెబుతున్నావనుకునేదాన్ని. బండి దిగి దాని నెత్తిన వేళ్ళతో రెండుసార్లు కొట్టాడు, అప్పుడు గుర్తుపట్టాను. వాడు నన్ను గుర్తుపట్టలేదు. అప్పట్లో నేను రెండు జడలేసుకుని బడికి పోయే పిల్లని కదా. మీ పాత షెడ్డు అమ్మేశాడట. ఈ ఊళ్ళో కూతురింటికి వచ్చి నెలా పదిహేను రోజులు ఉంటాడట.

నువ్వు నేర్పినట్టే, బండిని చూడని మనిషికి చెప్పినట్టు మొదటినుంచీ రాస్తాను. ఆటోమేటిక్ బండి. డెబ్బై స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు ఊరికే ఆనించి పోతుంటే రెండు మూడు సెకన్లు కింద నుంచి వణుకు వస్తోంది, గరుకు రోడ్డెక్కినట్టు. కాలు గట్టిగా నొక్కినా ఆగుతుంది, పూర్తిగా తీసేసినా ఆగుతుంది. సరిగ్గా ఆ స్పీడులోనే కదా ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ పట్టుకునేది. అంతవరకూ ఆ రెంటి మధ్య కన్వర్టర్‌లోని ఆయిలే శక్తిని మోస్తుంది. క్లచ్ పట్టుకున్నాక రెండూ ఒకే ఇనుముగా తిరుగుతాయి. కాబట్టి నా అనుమానం ఎక్కడుందో నీకు చెప్పక్కర్లేదు.

వాడి మాట మాత్రం వేరు. "ప్లగ్గులమ్మా ఇవి. గేర్‌బాక్సు జోలికి పోకు. ప్లగ్గులూ కాయిళ్ళూ మార్చిపారెయ్" అన్నాడు. నెల క్రితమే ఇంకోచోట మార్పించాడట. వణుకు పోలేదు. అయినా మళ్ళీ అవే మార్చమంటున్నాడు.

మామయ్యా, నా కడుపు మండిపోతోంది. నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు నీ సంచీలో బట్టలకంటే స్పానర్లే ఎక్కువున్నాయి. ఏడాదిపాటు వాటిని మంచం కింద నుంచి బయటికి తీయలేదు. ఇవేవీ నేను మర్చిపోలేదు. ఏం చేయమంటావో రాయి. ఫోన్ ఎందుకు చేయలేదంటావేమో, నీ ఎడమ చెవి సంగతి నాకు తెలుసు. సగం విని మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు.

నీ మేనకోడలు


జూన్ 9

కోడలు పిల్లకి,

కూర్చునే చదివాను. తర్వాత లేచి, కొట్టు షట్టరు సగం దించి, మళ్ళీ చదివాను. బయట ఎవరో మిషను పెడలు పట్టుకుని అరగంట నిలబడి వెళ్ళిపోయారట, పక్క కొట్టాయన చెప్పాడు. పోతే పోనీ.

దొరికాడు! నా చేతికి కాకపోయినా నేను తయారు చేసిన చేతికి దొరికాడు. నీకు తెలిసిన కథే, అయినా ఒక్కసారి నన్ను చెప్పుకోనీ. ఆనాటి బండిది కూడా ఇదే వణుకు. ఎడమ కాలితో బ్రేకు ఊరికే తాకి చూశాను, వణుకు ఠక్కున ఆగింది. బ్రేకు తాకితే లాకప్ వదిలేస్తుంది కాబట్టి జబ్బు కన్వర్టర్‌దే అని తేల్చాను. గేర్‌బాక్సు దించి కొత్త కన్వర్టర్ వేశాను. వణుకు పోలేదు. మళ్ళీ దించి వాల్వులన్నీ కడిగాను. పోలేదు. మూడోసారి దించాను. ఆ మూడుసార్లూ వాడు చేతులు కట్టుకుని, గడియారం చూసుకుంటూ నా పక్కనే నిలబడ్డాడు. మూడోసారి బండి ఓనరు ముందు, మన పనివాళ్ళ ముందు, ఆఖరికి సామాన్లు తెచ్చే ఆటోవాడి ముందు ఏమన్నాడు? "చెవిటివాడికి గేర్‌బాక్సు ఏం చెబుతుందో ఎలా వినపడుతుంది" అన్నాడు. ఆ సాయంత్రమే బోర్డు మీద నా పేరు తుడిపించాడు. వారం తిరక్కుండా ఆ బండి నున్నగా నడిచిందట. నేను వేసిన కొత్త కన్వర్టర్‌ని వాడే ఏదో చేసి ఉంటాడు. లేకపోతే నేను ఉన్నంతసేపూ వణికిన బండి నేను పోగానే ఎలా బాగవుతుంది?

ఇప్పుడు విను. బండి బాగా వేడెక్కనీ. నేను నేర్పిన బ్రేకు పరీక్ష చెయ్యి. వణుకు ఆగితే ఇంకేమీ చూడకు, గేర్‌బాక్సు దించు. దించి మళ్ళీ ఎక్కించు. మళ్ళీ దించు. వాడిని పక్కనే నిలబెట్టు. నాకు ఎలా జరిగిందో వాడికీ అలాగే జరగాలి, నట్టుకి నట్టు, బోల్టుకి బోల్టు.

మీ అమ్మకి చెప్పలేదు. చెబితే తనే బస్సెక్కి వచ్చి వాడి బండి అద్దాలు పగలగొడుతుంది. ఆ సరదా నాకే ఉండాలి. నీ చేతికి తగిలిన దెబ్బ మానిందా? ఎక్కువ బరువులు ఎత్తకు, జాకీని ఎత్తనీ.

మీ మామయ్య


జూన్ 15

మామయ్యకి,

చెయ్యి మానింది. పరీక్ష చేశాను.

నేను నడిపాను, ఆయన పక్కన కూర్చున్నాడు. వేడెక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది కాబట్టి బయల్దేరేముందు టీ ఇచ్చాను. డెబ్బై దగ్గర వణుకు మొదలైంది. ఎడమ కాలితో బ్రేకు తాకాను. ఆగింది. నువ్వు చెప్పినట్టే ఆగింది.

కానీ మామయ్యా, ఆ ఒక్క పరీక్ష చాలదు. ఎందుకు చాలదో ఇప్పుడు రాయలేను. ఆయన బండిలో ఒక కథ చెప్పాడు, అదీ రాయలేను. గేర్‌బాక్సు ఇంకా దించలేదు. ఇంకో రెండు విషయాలు బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌తో చూడాలి. స్కానర్ మా ఇంకో బ్రాంచికి పోయింది, వారంలో వస్తుంది. ఆయన కూడా తొందరేం లేదన్నాడు. ఈలోగా బండి నడపొద్దని చెప్పి తాళం నా దగ్గరే పెట్టుకున్నాను.

నువ్వు టైముకి తింటున్నావా? అమ్మని అడిగానని చెప్పు.

నీ మేనకోడలు


జూన్ 20

అమ్మగారికి,

నిన్ను కోడలు పిల్ల అని రాయడానికి చెయ్యి రావడంలేదు. ఆయన! ఆయన కూర్చున్నాడు, ఆయన చెప్పాడు, ఆయనకి తొందర లేదు! పన్నెండు రోజుల్లో వాడు ఆయన అయిపోయాడా? ఇంకో పన్నెండు రోజులు పోతే బాబాయిగారు అంటావేమో. పైగా టీ! నా పేరు తుడిపించిన వాడికి టీ కలిపి ఇచ్చావు. పంచదార ఎన్ని చెంచాలు వేశావో కూడా రాయవలసింది.

నా పరీక్ష చాలదా? పాతికేళ్ళు ఆ ఎడమ కాలితో బతికాను. నువ్వు ఈవేళ లిఫ్టు మీద బండి ఎక్కిస్తున్నావంటే ఆ కాలు నేర్పిన పనే. వాడు బండిలో ఏం కథ చెప్పాడో నాకు తెలుసు. నన్ను చెవిటివాడనీ, తాగుబోతుననీ చెప్పి ఉంటాడు. నువ్వు నమ్మి ఉంటావు. వాడి నోట్లో తేనె ఉంటుంది, నాకు తెలియనిదా.

ఇంకో గొడవ. నీ ఉత్తరం బల్ల మీద ఉంటే మీ అమ్మ సగం చదివింది. ఎవరో కార్లో నీ పక్కన కూర్చున్నాడనీ, నువ్వు టీ ఇచ్చావనీ ఆవిడకి అర్థమైంది. అబ్బాయి ఏం చేస్తుంటాడు, ఎంత పొడుగు అని రెండు రోజులుగా నన్ను నమిలేస్తోంది. వాడిని నా నోటితో పెళ్ళికొడుకులా వర్ణించే గతి పట్టించావు.

గేర్‌బాక్సు దించావా లేదా, ఒక్క ముక్కలో రాయి. లేకపోతే రాయకు.

మామయ్య


జూన్ 26

మామయ్యకి,

దించలేదు. ఒక్క ముక్క రాశాను. మిగతాది నువ్వు వద్దన్నా రాస్తాను.

బండిలో పక్కన కూర్చున్న మనిషిని మూడు గంటలు "సార్, మీరు" అంటే చేతికి కూడా అదే అలవాటైంది. అందుకు నన్ను అమ్మగారూ అంటావా? నీకోసం పళ్ళు నూరుతూ టీ కలిపాను. వాడు చెప్పిన కథ నీకు చెప్పకుండా దాచి మంచిపని చేశాననుకున్నాను. ఇక దాచను. బ్రేకు తాకి వణుకు ఆగగానే వాడు పకపకా నవ్వాడు. "ఆ పరీక్షని నమ్మే మా పార్టనర్ మునిగిపోయాడమ్మా" అన్నాడు. ఆనాటి బండికి జబ్బు గేర్‌బాక్సులో లేదు మామయ్యా. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఒక కాయిల్ పాడై, ఇంజనులో ఒక సిలిండర్ అప్పుడప్పుడూ మండక మిస్ కొట్టేది. లాకప్ పట్టుకున్నప్పుడు ఆ దెబ్బ నేరుగా బండికి తగిలేది. బ్రేకు తాకితే లాకప్ వదిలి, మధ్యలో ఆయిల్ వచ్చి ఆ దెబ్బని మింగేసేది. అందుకే ఆగినట్టు కనిపించేది. క్లచ్ జబ్బైనా ఇంజను జబ్బైనా ఆ పరీక్షలో ఒకేలా ఆగుతుంది. నువ్వు పొరపడ్డావు. నీ కన్వర్టర్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు రెండో మాట విను. వాడికి ఆ సంగతి మొదటిరోజే తెలుసట. సైలెన్సర్ దగ్గర నిలబడితే చాలు, వినపడేదట. నీకు ఆ చెవి లేదనీ తెలుసు. తెలిసి, నువ్వు గేర్‌బాక్సు దించుతుంటే చేతులు కట్టుకుని చూశాడు. మూడుసార్లు! నువ్వు పోయాక పది నిమిషాల్లో కాయిల్ మార్చి బండి ఇచ్చేశాడు. ఇదంతా నాకు తమాషా కథలా చెప్పాడు. నేను స్టీరింగు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వినందుకు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

నీ పొరపాటు చెప్పాల్సి వచ్చినందుకు కాదు, వాడి నోట నేను వినాల్సి వచ్చినందుకు ఒళ్ళు మండుతోంది. ఇంతకుముందు నీకోసం పగబట్టాను. ఇప్పుడు అది నా సొంత పగ.

ఇక ఈ బండి సంగతి. స్కానర్ వచ్చింది. ఇంజను మిస్ కొట్టిన లెక్క సున్నా, ఒక్కటంటే ఒక్కటి లేదు. లాకప్ పట్టుకున్నాక ఇంజను తిరిగే వేగం, గేర్‌బాక్సులోకి పోయే వేగం రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇంజను మిస్ అయితే రెండూ కలిసి ఊగాలి. ఇక్కడ ఇంజను ముల్లు ఊగుతోంది, రెండోది నిలకడగా ఉంది. అంటే మధ్యలో క్లచ్ పట్టి జారి, పట్టి జారి చస్తోంది. ఆయిల్ తీసి చూశాను, నల్లగా ఉంది, కాలిన వాసన. ఏం ఆయిల్ పోశారు సార్ అంటే, ఏ గేర్‌బాక్సుకైనా ఒకటే ఆయిలమ్మా, నేనే స్వయంగా పోశానన్నాడు. ఆ ఆయిల్ ఈ గేర్‌బాక్సుది కాదు. వాడి చేతితో వాడే చంపుకుంటున్నాడు.

ఇలాగే ఇంకో నెల నడిపితే క్లచ్ పొరంతా పొడై గేర్‌బాక్సంతా పాకుతుంది. అప్పుడు మొత్తం చెత్తకే. వాడేమో ఇంకా ప్లగ్గులే అంటున్నాడు. నీ కథ చెప్పిచెప్పి వాడే దాన్ని నమ్మేసి, ఏ బండి వణికినా ప్లగ్గులే అనే స్థితికొచ్చాడు. నేను అబద్ధం కూడా ఆడక్కర్లేదు. "సరే సార్" అంటే చాలు. ప్లగ్గులు మార్చి తాళం చేతిలో పెట్టేస్తాను. జూలై ఎనిమిదిన వస్తాడు. నేను నిర్ణయించుకున్నాను.

అమ్మకి చెప్పు, ఆ అబ్బాయికి అరవై రెండేళ్ళనీ, మనవలు ఉన్నారనీ.

నీ కోడలు పిల్ల (నువ్వు రాయకపోయినా నేనే రాసుకుంటాను)


జూలై 2

కోడలు పిల్లకి,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. మొదటిరోజు సూదిలో దారం ఎక్కించలేకపోయాను. రెండోరోజు ఒకావిడ మిషను తెచ్చింది, దారం తెగుతోందని. నేను మామూలుగా చూసే చోటు చూసి వదిలెయ్యకుండా పైనుంచి కిందదాకా చూశాను. తప్పు నేను ఎప్పుడూ చూడని చోట ఉంది. అప్పుడు వెనక గదిలోకి వెళ్ళి కూర్చుని ఏడ్చాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

నేను పొరపడ్డాను. పదకొండేళ్ళు వాడు దొంగ అని చెప్పుకుని తిరిగాను, ఆ పాపం నాది. నీకు సగం పరీక్ష నేర్పాను, అదీ నాది. నువ్వు మిగతా సగం ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలియదు, కానీ ఆ రెండు ముళ్ళ సంగతి చదివినప్పుడు లేచి నిలబడ్డాను. నీకు అమ్మగారూ అని రాసిన కాగితాన్ని చింపెయ్యి.

అయితే నేను పొరపడటం వేరు, వాడు నిలబడి చూడటం వేరు. నా తప్పు తెలిశాక వాడి మీద కోపం తగ్గుతుందేమో అని చూశాను. తగ్గలేదు. రెట్టింపైంది. ఒక్క మాట చెబితే పోయేది. "ఒరేయ్, కాయిల్ చూడు" అంటే నేను నవ్వి, తల కొట్టుకుని, వాడికి టీ ఇప్పించేవాడిని.

నువ్వు మాత్రం "సరే సార్" అనకు. మంచితనం కోసం చెబుతున్నాననుకోకు. తెలిసి నోరు మూసుకోవడం వాడి పనితనం. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల వాడి పనితనం చూపిస్తే నేను మళ్ళీ ఓడిపోయినట్టు. నాకు ఇంతకంటే మంచి మార్గం తోచింది. వాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. లాకప్ క్లచ్ పోతోందని, ఆయిల్ తప్పని, ఇక ఒక్క రోజు కూడా నడపొద్దని జాబ్‌కార్డు మీద రాసి ఇవ్వు. రాసి, కింద నా పేరు పెట్టు. ఈ జబ్బు ఫలానా ఆయన తేల్చాడు, నేను ఆయన మేనకోడలిని అని ముఖం మీద చెప్పు.

నా పేరు చూశాక వాడు చచ్చినా నమ్మడు. కార్డు చింపి నీ బల్ల మీద పోసి, ప్లగ్గులు మార్పించుకుని పోతాడు. నెల తిరక్కుండా గేర్‌బాక్సు చెత్తవుతుంది. అప్పుడు ఆ కార్డులో రాసిందే జరిగిందని వాడికి తెలుస్తుంది. మనం వాడిని నిజంతోనే ముంచుదాం. ఇంత హాయిగా నిజం చెప్పే అవకాశం నాకు జన్మలో రాలేదు.

ఎలా చింపాడో, నిలువునా అడ్డంగానా, వివరంగా రాయి.

మీ మామయ్య


జూలై 9

మామయ్యకి,

చింపలేదు.

నిన్న పదింటికి వచ్చాడు. కార్డు బల్ల మీద పెట్టాను. చదువుతూ చదువుతూ నీ పేరు దగ్గర ఆగాడు. నేను నువ్వు చెప్పినట్టే నిలబడి చెప్పాను. "ఈ జబ్బు తేల్చింది ఆయన. నేను ఆయన మేనకోడలిని. మీరు బండిలో చెప్పిన కథ ఆయనకి అక్షరం వదలకుండా రాశాను" అన్నాను. మా మేనేజరు కంప్యూటర్ మీద నుంచి తలెత్తి చూశాడు.

వాడు కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత "ఆ ఎడమ చెవి ఎలా ఉంది వాడికి?" అని అడిగాడు. నేను కార్డుని వాడి వైపు జరిపాను. "వాడు చెప్పాడా క్లచ్ అని?" అన్నాడు. చెప్పాడన్నాను. "అయితే దించు" అన్నాడు. అంతే మామయ్యా! ప్లగ్గుల మాట మళ్ళీ ఎత్తలేదు. "వాడు ఒకసారి తప్పుతాడు, రెండోసారి తప్పడు" అని, కార్డు మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది, అదీ కోపంతో. వారం రోజులుగా కార్డు చింపే చప్పుడు ఊహించుకుంటూ పనిచేశాను. "అంత నమ్మకం ఉన్నవాళ్ళు ఆ రోజు నలుగురిలో ఎందుకలా అన్నారు?" అని అడిగేశాను. మేనేజరు ఉన్నాడని కూడా చూసుకోలేదు. వాడు తల దించుకుని, "షెడ్డులోకి వచ్చిన ప్రతివాడూ నన్ను దాటుకుని వాడి దగ్గరికే పోయేవాడమ్మా. ఇద్దరి పేర్లూ బోర్డు మీద ఉండేవి, నన్ను ఒక్కడూ అడిగేవాడు కాదు" అన్నాడు. క్షమించమని అనలేదు. అంటే బల్ల మీది స్పానర్ తీసేదాన్నేమో.

పోతూపోతూ ఇంకో మాట అన్నాడు. గేర్‌బాక్సు నువ్వే వచ్చి దించాలట. వేరే చెయ్యి పడితే ఒప్పుకోడట. ఎన్ని రోజులైనా ఆగుతాడట.

మన పగ ఏమైనట్టు మామయ్యా? వాడికి నిజం చెప్పాం, వాడు నమ్మాడు, బండి బతికిపోతోంది. నాకు నోరంతా చేదుగా ఉంది. కింద ట్రే విప్పి చూశాను, అడుగున నల్లటి పొడి ఉంది కానీ లోపలికి పాకలేదు. కొత్త కన్వర్టర్, సరైన ఆయిల్ పడితే బాగైపోతుంది. నువ్వు రానంటే నేనే ఒకసారి దించి ముగించేస్తాను. ఏ మాటో రాయి.

నీ కోడలు పిల్ల


జూలై 14

కోడలు పిల్లకి,

నమ్మాడా! వాడు నమ్మకపోయి ఉంటే నా పగ సాఫీగా తీరేది. నా చెయ్యి మంచిదని వాడికి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసి నన్ను రోడ్డు మీదికి తోశాడు. వాడు నన్ను చేతకానివాడని అనుకున్నాడేమో అని పదకొండేళ్ళు కుమిలాను. అనుకోలేదట. ఇది మరీ ఘోరం.

నేను వస్తున్నాను. మంచం కింద నుంచి స్పానర్లు తీసి, తుప్పు పట్టినవి రెండు పారేసి, మిగతావి కిరసనాయిలులో కడిగాను. వచ్చే గురువారం పొద్దున్న బస్సు దిగుతాను. మీ అమ్మకి నిజం చెప్పేశాను. నేను అనుకున్నట్టే అద్దాల కోసం తనూ బయల్దేరింది. కొట్టు తాళాలు చేతిలో పెట్టి ఆపాను.

వాడిని ఆ రోజు పదింటికి రమ్మను. గేర్‌బాక్సు దించుతాను, కన్వర్టర్ మారుస్తాను, సరైన ఆయిల్ పోస్తాను. బండి తిప్పి చూస్తాం. ఆ రెండు ముళ్ళు ఎలా చూడాలో నువ్వు నాకు చూపించు. వణుకు పోతుంది. వాడు తాళం కోసం చెయ్యి చాస్తాడు. అప్పుడు, "ఆగరా, నాకు సరిగ్గా వినపడలేదు" అని మళ్ళీ దించుతాను. ఎక్కిస్తాను. మూడోసారి దించడానికి ఏ కారణమూ చెప్పను. నేను దించుతుంటే అన్నీ తెలిసి నోరు మెదపకుండా నిలబడటం వాడికి అలవాటే కదా. మొదటిసారి బండి కోసం, మిగతా రెండూ నా కోసం. మీ మేనేజరు అడిగితే ఆ రెండు రోజుల లిఫ్టు ఖర్చు నాదని చెప్పు.

కుర్చీ వెయ్యకు. టీ ఇవ్వకు. చేతులు కట్టుకోనివ్వకు, మూడుసార్లూ కారే ఆయిల్ పట్టే ట్రే వాడే పట్టుకోవాలి. తెల్లచొక్కా వేసుకునే రమ్మను.

మీ మామయ్య